‘ఏ నీళ్లు?’ అని అడిగిన పరీక్షశాల

గత కార్తీకంలో ఒక ఉదయం మా అమ్మ వంటింటి కుళాయి నీటిని కాచి దించి, ఆ గిన్నెను తెచ్చి నా ముందు పెట్టింది. నీటి మీద పలుచని తెర ఒకటి, చుక్క నూనె వేసినట్టుగా, అంచుల దగ్గర మెరుస్తూ కదులుతోంది. “గిన్నె తోమింది నేనే నాయనా. జిడ్డు గిన్నెది కాదు, నీళ్లలోనే ఏదో ఉండాది” అన్నది. చల్లారిన తరువాత ఒక గుక్క తాగి చూశాను. కరక్కాయ కొరికినట్టు నాలుక మీద వగరు నిలిచింది. మధ్యాహ్నం పట్టిన నీటిలో ఆ తెరా లేదు, ఆ వగరూ లేదు. తెల్లవారి మొదట పట్టిన నీటికే ఆ గుణం ఉన్నది.

ఆ తెర ఏమిటో తేల్చుకోవడానికి తిరుపతిలో ముగ్గురిని ఆశ్రయించాను. వారిలో మూడవదైన పరీక్షశాల సేవ గురించి ఈ సమీక్ష. రేణిగుంట దారిలో ఉన్న ప్రైవేటు పరీక్షశాల అది. మెచ్చుకోవలసిన వాటితో పాటు తప్పుపట్టవలసినవీ రాస్తున్నాను గనుక పేరు ఇవ్వడం లేదు. వారు పని చేసిన తీరు తెలిస్తే, పాఠకులు తమకు దగ్గరలో ఉన్న ఏ పరీక్షశాలనైనా అదే కొలతతో చూసుకోగలరు. నేను డిగ్రీలో రసాయనశాస్త్రం చదివి, ముప్పై ఏళ్లు బ్యాంకులో లెక్కలు చూసినవాణ్ణి. అంకె కనబడితే అది ఎక్కడి నుంచి వచ్చిందని అడగడం అలవాటైపోయింది.

ముందు మా ఇంటి నీటి సంగతి చెప్పాలి. ఇల్లు కపిలతీర్థం వైపు, కొండ పాదానికి దగ్గరగా ఉంటుంది. 2021 నవంబరులో తిరుపతిని ముంచెత్తిన వానల్లో మిద్దె మీది నీరంతా వీధిపాలు కావడం చూసి, ఆ తరువాత వాన నీటిని సంపులోకి మళ్లించే ఏర్పాటు చేసుకున్నాము. మిద్దె మీద సగభాగం రేకుల షెడ్డు. రేకుల మీద పడిన నీరు కంకర గుంతలో వడకట్టుకుని సంపులోకి, అక్కడి నుంచి మోటారుతో పై ట్యాంకులోకి, ట్యాంకు నుంచి వంటింట్లోకి వస్తుంది. ట్యాంకు నుంచి దిగే లైను మొదట పి.వి.సి.తో వేయించాము. కొండ దగ్గర కాపురం ఉన్నవారికి వేరే చెప్పనక్కరలేదు, కోతుల మంద ఒకసారి పట్టుకుని ఊగితే ప్లాస్టిక్ పైపు నిలవదు. రెండుసార్లు విరిగాక, మూడేళ్ల క్రితం అరంగుళం జి.ఐ. పైపు, అంటే జింక్ పూసిన ఇనుప పైపు, వేయించి కోతులతో రాజీపడ్డాము.

ఆ విధంగా నీరు మా గ్లాసులోకి రాకముందే జింక్‌ను రెండు చోట్ల తాకుతుంది. ఒకటి షెడ్డు రేకు, రెండవది పైపు. రెండూ జింక్ పూసిన ఇనుమే. జింక్‌నే మన పాఠ్యపుస్తకాలు యశదమన్నాయి, పెద్దవాళ్లు తుత్తునాగమన్నారు. ఇనుమును దాదాపు 450 డిగ్రీల వేడిలో కరిగివున్న జింక్‌లో ముంచి తీసే పద్ధతికి ఫ్రాన్సులో సోరెల్ అనే ఇంజనీరు 1837లో పేటెంటు తీసుకున్నాడు. ఇప్పటికీ పద్ధతి మూలంలో అదే. పూత ఇనుమును రెండు రకాలుగా కాపాడుతుంది. నీరూ గాలీ ఇనుమును తాకకుండా అడ్డం ఉండడం ఒకటి. గీతపడి ఇనుము బయటపడిన చోట కూడా జింక్ తాను ముందు కరిగిపోతూ ఇనుమును నిలబెట్టడం రెండవది. ఈ రెండవ గుణం వల్లనే జి.ఐ. పైపుకు అంత పేరు వచ్చింది. అయితే కరిగిన జింక్ ఎక్కడికి పోతుందన్న ప్రశ్న పైపు అమ్మే దుకాణంలో ఎవరూ అడగరు, నేనూ అడగలేదు.

మొదట పిలిచింది నీటి శుద్ధి యంత్రాలు అమ్మే ఒక సంస్థ మనిషిని. ఉచిత పరీక్ష అన్నారు. ఆయన రెండు గ్లాసులు తీసుకుని ఒకదానిలో మా నీరు, రెండవదానిలో తాను తెచ్చిన శుద్ధి చేసిన నీరు పోసి, లోహపు కడ్డీలున్న పరికరాన్ని ముంచి కరెంటు పెట్టాడు. రెండు నిమిషాలకు మా గ్లాసు బురద రంగుకు తిరిగింది, ఆయన గ్లాసు తేటగా ఉన్నది. మా అమ్మ ముక్కు మీద వేలు వేసుకున్నది. అందులో కనబడిన బురద నీటిలోనిది కాదు. కరెంటుకు ఆ ఇనుప కడ్డీ కరిగి తుప్పుగా తేలినది. ఆయన తెచ్చిన నీటిలో లవణాలు లేవు గనుక కరెంటు పారలేదు, కడ్డీ కరగలేదు. ఆయన నీటిలో చిటికెడు ఉప్పు వేసి మళ్లీ పెట్టమన్నాను. పరికరం సర్దుకున్నాడు. ఊళ్లో ఇంకా ఎన్ని వంటిళ్లలో ఆ ప్రదర్శన జరుగుతున్నదో.

రెండవది ఊళ్లోనే ఒక చిన్న పరీక్షశాల. శీతల పానీయపు సీసాలో పట్టుకెళ్లిన నీటిని ఏ ప్రశ్నా లేకుండా తీసుకున్నారు. నాలుగు రోజులకు ఒక కాగితం ఇచ్చారు. అందులో జింక్ లీటరుకు 1.1 మిల్లీగ్రాములు, సీసం ‘బి.డి.ఎల్.’ అని ఉన్నది. బి.డి.ఎల్. అంటే ‘గుర్తింపు పరిమితి కంటే తక్కువ’ అని అర్థం. ఆ పరిమితి ఎంతో కాగితంలో లేదు. అడిగితే, నీటిని మంటలోకి చిమ్మి కొలిచే మంట పద్ధతిలో చేశామనీ, లీటరుకు 0.05 మిల్లీగ్రాముల లోపు తమ యంత్రానికి కనబడదనీ అన్నారు. తాగునీటికి మన దేశ ప్రమాణమైన ఐ.ఎస్. 10500 సీసానికి పెట్టిన హద్దు 0.01. హద్దుకు ఐదు రెట్లు ఉన్నా చూడలేని కంటితో చూసి ‘లేదు’ అని రాయడం వల్ల నాకు ఏం తెలిసినట్టు? ఆ కాగితం మీద సంతకమూ ముద్రా మాత్రం చక్కగా ఉన్నాయి.

ఇక మూడవ చోటు. రిసెప్షన్ దగ్గర కూర్చున్న అమ్మాయితో “మా నీళ్లలో జింక్ చూడాలి” అన్నాను. ఆమె రేటు చెప్పలేదు. “ఏ నీళ్లు సార్? రాత్రంతా పైపులో నిలిచినవా, వదిలేసి పట్టినవా, సంపులోవా?” అని అడిగింది. ఈ సమీక్ష రాయడానికి కారణం ఆ ఒక్క ప్రశ్న. నీటిలోని లోహం ఎప్పుడూ ఒకే లెక్కలో ఉండేది కాదు. అది నీరు ఎంతసేపు ఏ లోహాన్ని అంటిపెట్టుకుని నిలిచిందన్నదాన్ని బట్టి గంటగంటకూ మారుతుంది. రెండవ పరీక్షశాల ఇచ్చిన 1.1 తప్పు అంకె కాకపోవచ్చు. నేను ఆ సీసా సాయంత్రం నాలుగింటికి, అప్పటికి పదిసార్లు తిప్పిన కుళాయి నుంచి పట్టాను. మా అమ్మ చూపించిన నీరు అది కానే కాదు.

అమ్మాయి లోపలికి పిలిచి ఒక సాంకేతిక నిపుణుడికి అప్పగించింది. ఆయన నాలుగు ప్లాస్టిక్ సీసాలు ఇచ్చాడు. వాటిని ఆమ్లంతో కడిగి, శుద్ధజలంతో జాడించి పెట్టారట. మొదటిది సంపు నీటికి. రెండవది, రాత్రి కుళాయి కట్టేసి కనీసం ఆరు గంటలు కదపకుండా ఉంచి, తెల్లవారి మొట్టమొదట వచ్చే లీటరుకు. మూడవది, ఐదు నిమిషాలు నీరు వదిలిన తరువాతి లీటరుకు. నాలుగవ దానిలో వారే శుద్ధజలం నింపి ఇచ్చారు. దాన్ని మా వంటింట్లో ఒక నిమిషం మూత తీసి, మళ్లీ మూసి తేవాలి. అదెందుకని అడిగితే ఆయన నవ్వి, “జింక్ ఎక్కడ లేదు సార్? రబ్బరు గ్లౌజుల్లో ఉంటుంది, దురదకు రాసుకునే కాలమైన్ లోషన్‌లో ఉంటుంది. మీ చేతి జింక్ మీ నీటి లెక్కలోకి వస్తే మాకు ఎట్లా తెలుస్తుంది?” అన్నాడు. నాలుగవ సీసాలో ఏమీ కనబడకపోతేనే మిగిలిన మూడింటి అంకెలకు విలువ. ఇంటి దగ్గర సీసా పట్టే మనిషి మీద ఇంత అనుమానం పెట్టుకున్న పరీక్షశాలను నమ్మవచ్చని నాకు అప్పుడే అనిపించింది.

మరుసటి ఉదయం సీసాలు ఇచ్చినప్పుడు నా కళ్లముందే ఒక్కొక్క దానిలో కొద్దిగా నైట్రిక్ ఆమ్లం వేసి, పీహెచ్ (నీటి పులుపును చూపే అంకె, తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 2 కంటే దిగువకు వచ్చిందని కాగితంతో చూసుకుని మూత బిగించారు. ఆమ్లం వేయకుండా ఉంచితే లోహం మెల్లగా సీసా గోడలకు అంటుకుపోతుంది, పరీక్షకు నీటిలో మిగలదు. మరొక చిన్న మాట కూడా రాయాలి. ఉదయపు సీసాలో అడుగున తెల్లని పొడి లాంటిది పేరుకున్నది. దాన్ని వడకట్టి పారేస్తే ‘కరిగిన జింక్’, కలిపి కొలిస్తే ‘మొత్తం జింక్’ వస్తాయి, రెండూ వేరు అంకెలు. తాగేటప్పుడు మనం వడకట్టుకోము గనుక మొత్తమే కొలుస్తామని చెప్పి, ఆ మాటను రసీదు మీద రాశారు.

నా ఉత్సాహం చూసి, జింక్ కొలిచేటప్పుడు యంత్రం గదిలోకి రానిచ్చారు. అటామిక్ అబ్సార్ప్షన్ స్పెక్ట్రోమీటర్ అన్న పేరు డిగ్రీలో చదివినదే గాని, చూడడం ఇదే మొదలు. గాలి, ఎసిటిలీన్ కలిసిన మంట, వేలెడు పొడవున సన్నని నీలి రేకలాగా వెలుగుతూ ఉంటుంది. సన్నని గొట్టం నీటిని పీల్చి తుంపరగా మంటలోకి చిమ్ముతుంది. ఒక పక్క జింక్‌తోనే చేసిన దీపం నుంచి 213.9 నానోమీటర్ల కాంతి మంటలోంచి వెళుతుంది. ఆ కాంతిని జింక్ పరమాణువులు పట్టుకుంటాయి, వేరే లోహాలు వదిలేస్తాయి. ఎంత కాంతి తగ్గిందో అంత జింక్. జింక్ ఎంత ఉందో ముందే తెలిసిన ద్రావణాలతో గీత గీసుకుని, ఆ గీత మీద మన నీటిని పెట్టి చూస్తారు. మా ఉదయపు సీసా మొదటిసారి గీత దాటి పైకి పోయింది. నిపుణుడు దాన్ని పది రెట్లు పలుచన చేసి మళ్లీ పెట్టాడు. తెర మీద 0.72 వచ్చింది. పదితో గుణిస్తే 7.2. గీత దాటిన అంకెనే రాసి పంపే చోట్లు ఉంటాయన్న అనుమానం నాకు మొదటి నుంచీ ఉన్నది, అందుకే ఆ పలుచన చేయడం చూసి మనసు కుదుటపడింది.

ఫలితాలు ఇవి. సంపు నీటిలో జింక్ లీటరుకు 0.9 మిల్లీగ్రాములు, తెల్లవారి మొదటి లీటరులో 7.2, ఐదు నిమిషాలు వదిలిన తరువాత 1.3. శుద్ధజలపు సీసాలో ఏమీ లేదు. ఐ.ఎస్. 10500 జింక్‌కు 5 మిల్లీగ్రాములను ఆమోదయోగ్యమైన హద్దుగానూ, వేరే నీటి వసతి లేనప్పుడు 15 వరకు అనుమతించదగినదిగానూ పెట్టింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ జింక్‌కు ఆరోగ్యం ఆధారంగా హద్దు పెట్టలేదు. 3 మిల్లీగ్రాములు దాటితే రుచీ రూపూ తాగేవారికి నచ్చకపోవచ్చునని, 3 నుంచి 5 మధ్య నీరు పాలవన్నెకు తిరిగి, కాచినప్పుడు జిడ్డు తెర కట్టవచ్చునని మాత్రం చెప్పింది. మా అమ్మ గిన్నెలో కనిపెట్టింది అదే. యంత్రం కంటే ముందు ఆమె చెప్పినట్టయింది.

నివేదికలో పీహెచ్, గట్టిదనం (నీటిలో కరిగిన సున్నం వంటి లవణాల లెక్క) కూడా వేసి ఇచ్చారు. సంపు నీటి పీహెచ్ 6.6, గట్టిదనం లీటరుకు 60 మిల్లీగ్రాములు. ఈ రెండు అంకెలే అసలు కథ చెప్పాయని నా అభిప్రాయం. బోరు నీటిలో సున్నం ఎక్కువ ఉంటే పైపు లోపల పలుచగా పొర కట్టి జింక్‌ను నీటికి అందకుండా చేస్తుంది. గీజరును పాడుచేసే ఆ సున్నమే పైపుకు రక్షణ. వాన నీరు మెత్తనిది, గాలిలోని బొగ్గుపులుసు వాయువును (కార్బన్ డయాక్సైడ్) కలుపుకుని కొంచెం పుల్లనిది. అది పొర కట్టదు సరికదా, ఉన్న జింక్‌ను మెల్లమెల్లగా నాకేస్తుంది. పుణ్యానికి పోయి వాన నీరు పట్టుకుంటే అది పైపును తినడం మొదలుపెట్టిందన్నమాట. వాన నీరు పట్టవద్దని నా ఉద్దేశం కాదు. పట్టిన నీరు ఏ పైపులో నడవాలన్నది వేరే ప్రశ్న, దాన్ని మేము వేసుకోలేదు. పురపాలక సంఘాలు వీధుల్లో వేసే డక్టైల్ ఐరన్ పైపుల విషయంలో ఈ ప్రశ్న వేసుకున్నవారు ఉన్నారు. శ్రీకాళహస్తి దగ్గర రాచగున్నేరిలో తయారయ్యే ఆ రకం పైపులకు జింక్ పూత బయట మట్టి వైపు ఉంటుంది, లోపల నీటి వైపు సిమెంటు పూత ఉంటుంది. ఇంటి జి.ఐ. పైపులో లోపలా జింకే.

“జింక్ మంచిదే గదా, పిల్లలకు విరేచనాలైతే డాక్టరు రాసేది అదే గదా” అని అమ్మ అడిగింది. నిజమే. విరేచనాలైన పిల్లలకు ఓ.ఆర్.ఎస్.తో పాటు రోజుకు 20 మిల్లీగ్రాముల చొప్పున, ఆరు నెలల లోపు వారికి 10 చొప్పున, పది నుంచి పద్నాలుగు రోజులు జింక్ ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ 2004లో సిఫారసు చేశాయి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020 పట్టికలో రోజుకు మగవారికి 17, ఆడవారికి 13.2 మిల్లీగ్రాముల జింక్ కావాలని ఉన్నది. ఆ లెక్కన మా ఉదయపు నీరు లీటరు తాగినా అది విషం కాదు. (జి.ఐ. బకెట్‌లో మజ్జిగ, చింతపండు పులుసు వంటివి నిలవ ఉంచడం మాత్రం వేరే సంగతి. పులుపు జింక్‌ను ఎంతగా కరిగిస్తుందంటే, తిన్నవారికి వాంతులవుతాయి. పెళ్లి వంటవాళ్లకు ఇది చెప్పాలి.)

అయితే జింక్ ఒంటరిగా రాదు. పూతకు వాడే జింక్ అన్నిసార్లూ శుద్ధమైనది కాదు. పాత రకాల్లో వందకు ఒక పాలు దాటి సీసం ఉండేది. పూత కరిగితే జింక్‌తో పాటు ఆ సీసమూ, ఒక్కొక్కసారి కాడ్మియమూ నీటిలోకి వస్తాయి. సీసానికి మేలు చేసే మోతాదు అంటూ ఏదీ లేదు, పసిపిల్లల మెదడుకు అది కొద్దిపాటిలోనే చేటు. అందుకే సీసం కూడా చూడమన్నాను. ఈ పరీక్షశాల మంట పద్ధతిని ఒప్పుకోలేదు. గ్రాఫైట్ ఫర్నేస్‌లో చేసింది. వేలి కణుపంత గ్రాఫైట్ గొట్టంలో 20 మైక్రోలీటర్ల నీటిని, అంటే సూది మొన మీద నిలిచే చుక్కను, వేసి, ముందు ఆరబెట్టి, తరువాత మాడ్చి, చివరికి రెండు వేల డిగ్రీల దరిదాపుకు ఒక్కసారిగా వేడి చేస్తారు. మంటలో చెదిరిపోయే సీసం ఆ ఇరుకు గొట్టంలో క్షణకాలం నిలుస్తుంది గనుక, అతి కొద్దిపాటి అయినా దొరుకుతుంది. నివేదికలో ‘గుర్తింపు పరిమితి 0.001’ అని మొదటి వరుసలోనే రాశారు. సంపు నీటిలో సీసం ఆ పరిమితికి లోపే ఉన్నది. వదిలి పట్టిన నీటిలో 0.003. తెల్లవారి మొదటి లీటరులో 0.013. హద్దు 0.01 అని పైన రాశాను. రెండవ పరీక్షశాల ‘లేదు’ అన్న లోహం ఇది.

ఇక్కడ వారు ఇచ్చిన సలహా రుసుములో లేనిది. 0.013 పైపు పూతదా, ఇత్తడి కుళాయిదా? ఇత్తడి అంటేనే రాగీ జింకూ కలిసినది, మరమీద సులువుగా తెగడానికి అందులో కొంత సీసం కూడా కలుపుతారు. “రేపు లీటరు సీసా వద్దు, మొదట పావు లీటరు సీసా ఒకటి, వెంటనే లీటరు సీసా ఒకటి పట్టండి” అన్నాడు నిపుణుడు. లెక్క చూడండి. అరంగుళం మీడియం పైపు లోపలి వ్యాసం సుమారు 16 మిల్లీమీటర్లు, మీటరు పొడవులో దాదాపు 200 మిల్లీలీటర్ల నీరు పడుతుంది. మొదటి పావు లీటరులో కుళాయి, దాని వెనక మీటరు పైపు ఉంటాయి, తరువాతి లీటరు అంతా ఆ వెనకటి పైపుదే. ఫలితం: పావు లీటరులో సీసం 0.019, తరువాతి లీటరులో 0.011. రెండింటికీ వాటా ఉన్నది, కుళాయి దగ్గరి నీటిలో ఎక్కువ. ఆరువందల రూపాయల కుళాయి మార్చకుండా పైపంతా పీకించబోయాను. ప్లంబరైతే అప్పటికే “అంతా పీకేసి సీపీవీసీ (ఒక రకం ప్లాస్టిక్ పైపు) ఏసేస్తే పోతాది సార్” అని కొలతలు తీసుకుని కూర్చున్నాడు.

పూత పరీక్ష సంగతి కూడా కొంత రాయాలి, ఎందుకంటే ఈ సేవలో నాకు అసంతృప్తి కలిగింది అక్కడే. దుకాణంలో కొత్త జి.ఐ. పైపు ముక్క, మా ఇంటి పైపు నుంచి కోసిన ముక్క తీసుకెళ్లి, ఎంత జింక్ ఉందో చూడమన్నాను. కొత్త ముక్కను 10 సెంటీమీటర్లకు కోసి, తూచి, యాంటిమనీ క్లోరైడ్ కలిపిన హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో వేశారు. సోడా కొట్టినట్టు బుస్సుమని హైడ్రోజన్ బుడగలు పొంగి, రెండు మూడు నిమిషాలకు ఉన్నట్టుండి ఆగిపోయాయి. ఆగాయంటే జింక్ అయిపోయి ఇనుము బయటపడిందని గుర్తు. యాంటిమనీ ఇనుమును ఆమ్లం తినకుండా ఆపుతుంది. కడిగి ఆరబెట్టి తూస్తే 4.1 గ్రాములు తగ్గింది. ముక్క లోపలి, బయటి వైశాల్యాలు కలిపితే సుమారు 117.5 చదరపు సెంటీమీటర్లు. చదరపు మీటరుకు 349 గ్రాములు వచ్చింది, జింక్ సాంద్రత 7.14 గనుక మందం సగటున 49 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). పోల్చి చూడడానికి చెబుతున్నాను: 120 గ్రాముల గ్రేడు షెడ్డు రేకుకు రెండు వైపులా కలిపి చదరపు మీటరుకు ఉండేది ఆ 120 గ్రాములే, అంటే ఒక్కొక్క వైపు 8 మైక్రాన్లు. రేకు కొనేటప్పుడు మందం అడుగుతాము గాని పూత బరువు అడగము.

అసంతృప్తి ఏమిటంటే, ఆ 49 లోపలి వైపుదీ బయటి వైపుదీ కలిసిన సగటు. నీరు తాకేది లోపల. గొట్టంలో పూత లోపల ఎక్కడ పలుచబడిందో ఈ పద్ధతి చెప్పదు. బయటి వైపు మైనం పూసి లోపల మాత్రమే కరిగించి చూడవచ్చు గదా అన్నాను. అది తమ పద్ధతుల జాబితాలో లేదు గనుక చేయలేమన్నారు. నియమం నియమమే అయినా, అడిగినవారికి ముందే చెప్పవలసిన మాట అది. పాత ముక్క విషయంలో మాత్రం వారి నిజాయితీని మెచ్చుకోవాలి. లోపల తుప్పు మరకలు చూసి, “ఆమ్లంలో తుప్పు కూడా కరిగి బరువు తగ్గుతుంది, దాన్ని జింక్ అని రాయలేం” అని డబ్బు తీసుకోకుండా ముక్క తిరిగి ఇచ్చేశారు.

మిగిలిన లోపాలు త్వరగా చెబుతాను. ఐదు పనిదినాలన్నారు, పదకొండు పట్టింది. మధ్యలో రెండుసార్లు ఫోను చేస్తే “రేపు సార్” అన్నారు. ఖర్చు కూడా తక్కువేమీ కాదు. మొదటి విడత సీసాలకు 4,200 రూపాయలు, పావు లీటరు, లీటరు సీసాల జతకు 1,100, పైపు ముక్కకు 900. పరీక్షశాలలకు గుర్తింపునిచ్చే జాతీయ బోర్డు ఎన్.ఎ.బి.ఎల్. గుర్తింపు ఉన్నదన్న మాట నిజమే గాని, గుర్తింపు ఒక్కొక్క పరీక్షకు విడిగా ఉంటుంది. నీటిలో జింక్, సీసం జాబితాలో ఉన్నాయి, పూత బరువు పరీక్ష లేదు. అది గోడ మీది బోర్డు చూస్తే తెలియదు, జాబితా చూపించమని అడగాలి. అడిగితే వెంటనే చూపించారు. నివేదికలో ప్రతి అంకె పక్కన ఎంత అటూ ఇటూ కావచ్చునో కూడా రాశారు. 7.2 పక్కన 0.5 ఉన్నది. అంకెకు అనుమానం కూడా జతచేసి ఇచ్చిన కాగితం నా చేతికి రావడం ఇదే మొదటిసారి. ఐదుకు నాలుగు ఇస్తాను. తగ్గించిన ఆ ఒకటి ఆలస్యానికి, సగటు సంగతి ముందు చెప్పనందుకు.

ఆ నివేదికను పట్టుకుని మేము చేసినవి మూడు. వంటింటి కుళాయి తీసి స్టెయిన్‌లెస్ స్టీలుది పెట్టించాము. షెడ్డు రేకుల నీటిని సంపుకు పోకుండా మళ్లించి, మిద్దె మీది సిమెంటు భాగం నీటినే సంపులోకి వదిలాము. ట్యాంకు నుంచి దిగే జి.ఐ. లైనును మిద్దె మీద కోతులకు అందే చోట ఉంచి, గోడలోకి వెళ్లిన తరువాతి భాగాన్ని మాత్రం సి.పి.వి.సి.గా మార్పించాము. గీజరు పక్కన ఉన్న జి.ఐ. ముక్కను కూడా తీయించాను. నీరు 60 డిగ్రీలు దాటితే జింక్ ఇనుమును కాపాడడం మానేసి, కొన్ని నీళ్లలో ఇనుమే జింక్ కోసం కరగడం మొదలవుతుంది. స్నానాల గది బకెట్‌లో ఎర్రని నీరు ఎందుకు వస్తున్నదో అప్పుడు అర్థమైంది.

నెల తరువాత మళ్లీ రెండు సీసాలు ఇచ్చి వచ్చాను. తెల్లవారి మొదటి లీటరులో జింక్ 1.6, సీసం 0.002. ఈసారి నివేదిక ఆరు రోజులకే వచ్చింది గాని, మొదటిదానిలాగే మొత్తం ఇంగ్లీషులోనే ఉన్నది. అమ్మ కళ్లజోడు పెట్టుకుని కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, “ఇందులో సీసం ఏ గీతలో ఉండాదో చూపించు” అని అడిగింది. చూపించాను. ఆ వరుస కింద పెన్సిలుతో ‘సీసం’ అని తెలుగులో రాసి, కాగితాన్ని గ్యాస్ పుస్తకంలో పెట్టుకున్నది.